జప్తమ్మ పంపిన నోటీసు

“నువ్వయితే గట్టిగా అడుగుతావు,” అంటూ ఫోన్ ఆమె చేతిలో పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని భర్త స్నానానికి వెళ్ళిపోయాడు. ఆమె రెండో చేతిలో మాడిన పాలగిన్నె ఉంది. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గిన్నె తోముతూనే, ఫ్రిజ్ బాగుచేయించుకుని నాలుగు నెలలైనా డబ్బివ్వని లెక్కల మాస్టారిని పలకరించింది. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో తెల్లవారడమంటే ఇదే. పాలు పొంగేదీ, బాకీదార్లకి కోపం పొంగేదీ ఒకే వేళకి.

“అమ్మా, మీవారు నాతో, మాస్టారూ మీ దగ్గర డబ్బెక్కడికి పోతుంది, ఎప్పుడిచ్చినా సరే అన్నారు. మీరేమో పొద్దున్నే పీక మీద కూర్చుంటున్నారు. ఆయనది వెన్నలాంటి మనసు. మీరెందుకిలా తయారయ్యారు?” అన్నాడు మాస్టారు.

ఎందుకిలా తయారైందో ఆమెకి బాగా తెలుసు. ఆయన వెన్నలాగా ఉండాలంటే ఎవరో ఒకరు మజ్జిగ చిలకాలి. ఆ మాట మాస్టారితో అనలేదు. శనివారంలోగా ఇవ్వకపోతే ఇంటికొచ్చి కూర్చుంటానంది. అలా అనమని నేర్పింది భర్తే. “ఇంటికొస్తానంటే చాలు, పరువుకి జడిసి పడేస్తారు. నేనంటే బాగోదు. ఆడదానివి, నువ్వంటే చెల్లుతుంది,” అని మొదట్లోనే చెప్పాడు. అనిపించేవాడు లోపల సబ్బు రుద్దుకుంటూ కూనిరాగం తీస్తున్నాడు. అన్న మనిషికి మాత్రం అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు చెంప మీద కొట్టినట్టు వినిపించింది.

వాళ్ళది ఫ్రిజ్‌లూ, ఏసీలూ, వాషింగ్ మెషీన్లూ రిపేరు చేసే షాపు. భర్త చేతిలో పనితనం ఉంది. మెషీన్ తిరుగుతుంటే ఒక నిమిషం చెవిపెట్టి విని, బేరింగు పోయిందో బెల్టు పోయిందో చెప్పేస్తాడు. ఆ విద్యని ఆమె ఏనాడూ కాదనలేదు. తంటా అంతా బాగైన మెషీన్ తిరిగి అప్పగించేటప్పుడే. అవతలివాళ్ళు జేబులో చెయ్యి పెట్టేలోపే, “ఉండనీండి, తర్వాత చూసుకుందాం, మీరెక్కడికి పోతారు,” అంటాడు. ఇచ్చేవాణ్ణి చూస్తే చచ్చినవాడూ లేచి వస్తాడంటారు. వీధి వీధంతా లేచి వచ్చింది. అతనికి వెన్నపూస అని ముద్దుపేరు పెట్టుకుంది. రెండు వారాలకి ఆమె ఫోన్ చేసేది, నెలకి ఇంటికి వెళ్ళేది. అందుకని ఆమెకి అదే వీధి జప్తమ్మ అని పేరు పెట్టింది. జప్తు మాట దేవుడెరుగు, ఆమె ఎవరింటినుంచీ ఒక చెంచా కూడా తెచ్చిన పాపాన పోలేదు. ఆ పేరు సంగతి ఆమెకి చెప్పింది కూడా భర్తే. అన్నం తింటూ, నవ్వు ఆపుకోలేక పొలమారి, మంచినీళ్ళు తాగి మరీ చెప్పాడు.

ఆమె ముచ్చటపడి జాబ్‌కార్డులు అచ్చు వేయించింది. పైన పేరు, మెషీన్ జబ్బు, అయ్యే ఖర్చు. కింద, ఈ ఖర్చుకి ఒప్పుకుంటున్నాను అని కస్టమరు సంతకం. ఆ సంతకం అడగడానికి భర్తకి ఎక్కడలేని మొహమాటం. “మనుషుల మీద నమ్మకం ఉండాలోయ్,” అంటాడు. నమ్మకం అతనిది, తిరగడం ఆమెది. వంట ముగించి పదింటికి షాపులో బల్ల దగ్గర కూర్చుంటే ఫోన్లు, బిల్లులు, పన్ను కాగితాలు, విడిభాగాల వాళ్ళతో బేరాలు, మెకానిక్‌లకి టీ, నేల మీద ఇనుపరజను ఊడవడం. సాయంత్రం బాకీ ఇళ్ళ చుట్టూ ప్రదక్షిణ. ఇదంతా చూసిన వాళ్ళెవరైనా అడిగితే అతను చెప్పే మాట ఒకటే. “మా ఆవిడ ఇంట్లో ఊరికే కూర్చోలేదు. ఏదో సాయం చేస్తూ ఉంటుంది.” సాయానికి జీతం ఉండదు, సెలవు ఉండదు, తలనొప్పి కూడా ఉండకూడదు.

అంతకుముందు ఆమెకో ఉద్యోగం ఉండేది. ఒక శీతల గిడ్డంగిలో తొమ్మిదేళ్ళు లెక్కలు రాసింది. “మన షాపు పెట్టుకుని ఇంకొకరి దగ్గర పనేంటి,” అని మాన్పించారు. మానేసినప్పుడు చేతికొచ్చిన పీఎఫ్ డబ్బు బ్యాంకులో వేసుకుంది. దాంతో ఏం చేయాలన్న ఆలోచన ఆమెకి లేదు. ఏమీ చేయకుండా ఉంచుకోవడానికే ఉంచుకుంది. ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకోగల డబ్బు ఒకటి ఉందన్న ధైర్యం చాలు, మనిషి మెడ కాస్త నిటారుగా నిలబడుతుంది. ఇంటికొచ్చిన అత్తగారు “కూరలో ఉప్పు లేదు” అన్నప్పుడూ, భర్త “నీకేం తెలుసు” అన్నప్పుడూ ఆమె లోలోపల ఆ బ్యాంకు పుస్తకాన్ని ఒకసారి తడుముకునేది. ఎనిమిదేళ్ళు దాన్ని ముట్టుకోలేదు.

ముట్టుకోవలసి వచ్చింది బావగారి కోసం. భర్తకి అన్న. ఆసుపత్రులకీ లాడ్జీలకీ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ ఆయనది. అక్కడ వైర్లు కాలిపోయి రెండు మెషీన్లూ, బట్టలారబెట్టే పెద్ద డ్రమ్మూ ఒకేసారి మూలపడ్డాయి. మోటార్లే కొత్తవి వేయాలి. “అన్నయ్య పని ఆగిపోతే మన పరువేం కావాలి? రెండే రెండు నెలలు. నీ డబ్బు నీకు వడ్డీతో సహా వస్తుంది,” అన్నాడు భర్త. లక్షా ఎనభై ఆరు వేలు. పుస్తకంలో మిగిలింది నాలుగు వందలు. మెషీన్లు తిరిగాయి. ఆమె కూలి కూడా వేయకుండా, సామాన్ల ఖరీదు మాత్రమే రాసి, బిల్లు పట్టుకుని బావగారింటికి వెళ్ళింది. ఆదివారం, అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. “బావగారూ, ఒక సంతకం,” అంది. బావగారు ఎడమచేత్తో కళ్ళజోడు పెట్టుకుని, బల్ల చుట్టూ ఒకసారి చూసి, బిల్లు కింద రాస్తూ పైకి చదివాడు. “మా మరదలి గోల పడలేక రాస్తున్నాను. ఈ బాకీ మొత్తం నిజమే. ఇస్తాను. ఎప్పుడన్నది నా ఇష్టం.” కింద పెద్ద వంకర సంతకం, తారీఖు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమె భర్త. “నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అమ్మాయ్, సొంతవాళ్ళ దగ్గర కూడా సంతకాలేంటి,” అంది అత్తగారు. ఆమె ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, వాళ్ళు తిన్న కంచాలు తీసి కడిగింది.

రెండు నెలలు కాస్తా ఆర్నెల్లయ్యాయి, ఏడాదయ్యాయి. నెలకోసారి ఆమె లాండ్రీకి వెళ్ళేది. బావగారి గదిలో రెండు కుర్చీలున్నాయి గానీ, ఆమెని కూర్చోబెట్టేది బయట, డ్రమ్ము గది గుమ్మం పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు మీద. తలుపు తెరిచినప్పుడల్లా వేడిగాలి మొహాన కొట్టేది. గంట కూర్చుంటే జాకెట్టు వీపుకి అంటుకుపోయేది. దుప్పట్లు మడతపెట్టే ఆడవాళ్ళు ఆమె వంక ఓరగా చూసేవాళ్ళు. తోడికోడలు అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ నడిచేదే గానీ గ్లాసెడు మంచినీళ్ళు తెచ్చేది కాదు. చివరికి బావగారు బయటికొచ్చి, “ఆసుపత్రి వాళ్ళు ఈ నెల బిల్లు పాస్ చేయలేదు,” అనేవాడు. ఏడాది తిరిగాక ఆమె ఇంక వెళ్ళనంది. భర్త నచ్చజెప్పాడు. “వాడికి నీ నోరంటే భయం. నువ్వు మానేస్తే మర్చిపోతాడు. నెలకి ఒక్కసారి. నాకోసం వెళ్ళు.” ఆమె వెళ్ళింది. ఎండలోనూ వెళ్ళింది, జ్వరంతోనూ వెళ్ళింది. వచ్చిన ప్రతిసారీ భర్త తల ఎత్తకుండా, “ఏమన్నాడు?” అని అడిగేవాడు. ఆమె చెప్పింది విని, “అలాగా, వచ్చే నెల చూద్దాం,” అనేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు షాపుకి ఒక పెద్దావిడ ఆటోలో వాషింగ్ మెషీన్ వేయించుకొచ్చింది. వకీలు. నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకుంది. జాబ్‌కార్డు ఇస్తే రెండువైపులా తిప్పి చదివి అప్పుడు సంతకం చేసింది. ఆ షాపు పుట్టిన తర్వాత కార్డు చదివిన మొదటి మనిషి ఆవిడే. అదే సమయానికి ఆమె ఫోన్‌లో ఎవరితోనో, “రేపు మీ గుమ్మం ముందు కూర్చుంటాను, నలుగురికీ చెప్తాను,” అంటోంది. ఫోన్ పెట్టేశాక వకీలమ్మ పెన్ను మూతపెడుతూ, “ఆ మాట ఇంకెప్పుడూ అనకండమ్మా,” అంది.

“డబ్బు వాళ్ళే ఇవ్వాలండీ.”

“ఇవ్వాల్సింది వాళ్ళే. అయినా గుమ్మం ముందు కూర్చుని బెదిరించారని కేసు మీ మీద పెడతారు. మీకెవరు చెప్పారు ఇలా అడగమని?”

ఆమె భర్త వైపు చూసింది. భర్త మెషీన్ లోపల తల దూర్చాడు.

మెషీన్ తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు వకీలమ్మ డబ్బు చెల్లించి, రసీదు అడిగి పుచ్చుకుని, ఆమె బల్ల ముందు అరగంట కూర్చుంది. చెప్పింది పెద్ద విద్యేం కాదు. రిపేరు మొదలుపెట్టే ముందే ఖర్చు రాసి సంతకం తీసుకోవాలి. చేసిన పనికి డబ్బిచ్చేదాకా ఆ వస్తువుని షాపులోనే ఉంచుకునే హక్కు రిపేరు చేసినవాళ్ళకి ఉంటుంది. కానీ ఒకసారి గుమ్మం దాటనిచ్చారా, ఆ హక్కు కూడా దానితో పాటే గుమ్మం దాటుతుంది. వాళ్ళింటికెళ్ళి లాక్కురాకూడదు. ఏ పని చేశారో, ఎంత రావాలో, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో మర్యాదగా కాగితం మీద రాసి, అందినట్టు సంతకం తీసుకునే రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపాలి. అప్పటికీ ఇవ్వకపోతే కోర్టులో దావా. మూడేళ్ళ లోపు. బాకీ ఉన్నానని అవతలివాళ్ళు సంతకం చేసి ఒప్పుకుంటే ఆ మూడేళ్ళూ ఆ తారీఖు నుంచి లెక్క.

“మరి అరవడం?” అని అడిగింది ఆమె.

“అరవడం చట్టంలో ఎక్కడా లేదమ్మా.”

ఆమెకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పదకొండేళ్ళు. ఆ వీధిలో ఆమె గొంతు తెలియని ఇల్లు లేదు. పెళ్ళికి ముందు స్నేహితురాళ్ళు ఆమెని, కాస్త గట్టిగా మాట్లాడవే వినపడట్లేదు అని ఏడిపించేవాళ్ళు. ఆ గొంతుని సానబట్టి, కత్తిలా చేసి, ఇంటింటికీ పంపింది ఎవరు? పంపి, అదిగో దాని నోరు చూడండి అని నవ్వింది ఎవరు? ఒక కాగితం, ఒక తారీఖు, ఒక స్టాంపు చేసే పనికి ఆమె మనిషితనాన్ని ఖర్చు పెట్టారు. దానికి బిల్లు వేయాలంటే ఏ కార్డూ సరిపోదు.

కళ్ళు తుడుచుకుని సంచిలోంచి బావగారి బిల్లు తీసింది. వకీలమ్మ చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. నవ్వింది. “ఈ బాకీ మొత్తం నిజమే, ఇస్తాను. సంతకం, తారీఖు. నేను కూర్చోబెట్టి రాయించినా ఇంత చక్కగా రాయరు. వెటకారానికి రాసినా ఒప్పుకోలు ఒప్పుకోలే.” తర్వాత తారీఖు చూసి నవ్వు మానేసింది. “మూడేళ్ళు నిండడానికి ఇంకా పంతొమ్మిది రోజులే ఉన్నాయి. ఆ తర్వాత ఇది చిత్తుకాగితం. షాపు యజమాని ఎవరు?”

“మావారండీ.”

“లైసెన్సులో?”

“లైసెన్సులో నా పేరేనండీ. ఆడవాళ్ళ పేరున అయితే అప్పు తక్కువ వడ్డీకిస్తారని పెట్టారు. కాగితం మీద ఊరికే.”

“కాగితం మీద పేరుంటే ఊరికే ఉండదమ్మా. కోర్టుకి కాగితం మీద ఉన్నదే తెలుసు. ఇందులో అడగాల్సింది మీరే. ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు.”

ఆ సాయంత్రం భోజనాల దగ్గర సంగతి చెప్పింది. భర్త చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. “అన్నయ్యకి నోటీసా? మతిగానీ పోయిందా? నలుగురూ వింటే మన మొహాన ఉమ్మేస్తారు.” లక్షా ఎనభై ఆరు వేలు ఇంకో పంతొమ్మిది రోజుల్లో నీళ్ళపాలవుతుందని ఆమె మళ్ళీ చెప్పింది. అప్పుడతను ఒక మాట అన్నాడు. “నువ్వు కదలకు. నేను మాట్లాడతాను.” పదకొండేళ్ళలో ఏ బాకీ గురించీ అతని నోట ఆ మాట రాలేదు. ఆమెకి ఆశ్చర్యం వేసింది. అన్న మీద ప్రేమ కాబోలు అనుకుంది. ఏ మూలో చిన్న సంతోషం కూడా కలిగింది, తనకోసం ఒకసారైనా మాట్లాడబోతున్నాడని. ఎంత పిచ్చిది ఈ ఆడమనసు. మొగుడు గ్లాసెడు నీళ్ళు తనంతట తాను ముంచుకున్నా పండగే దానికి.

నాలుగు రోజులు గడిచాయి. “మాట్లాడాను, చూస్తానన్నాడు,” అన్నాడు. కాగితం మీద ఇంకోసారి సంతకమైనా తెమ్మంది. “అన్నయ్యని సంతకం అడగను,” అన్నాడు. అయితే నోటీసు పంపుతానంది. అతను కంచం ముందు నుంచి లేచాడు. “షాపు నాది. నా మాట లేకుండా ఒక్క కాగితం కదిలిందో, మర్యాదగా ఉండదు.” ఆ కంచం తీసి, కడిగి, బోర్లించి, ఆమె వకీలమ్మ ఇచ్చిన నమూనా ముందు పెట్టుకుని నోటీసు రాసింది. ఏ మెషీన్లు, ఏ మోటార్లు, ఏ తారీఖు, ఎంత. ఏడు రోజుల గడువు. గోల లేదు, శాపనార్థాలు లేవు. కింద తన పేరు, దాని కింద యజమాని అని రాసింది. ఆ రెండో మాట రాయడానికి ఆమె చెయ్యి కాసేపు తటపటాయించింది. మర్నాడు పోస్టు చేసింది.

నోటీసు అందిన మర్నాడే, పదకొండు గంటల వేళ, బావగారు షాపుకొచ్చాడు. వెనకాలే అత్తగారు. ఆవిడ పెద్ద కొడుకు దగ్గరే ఉంటుంది. భర్త ఒక ఏసీ ముందు గొంతుక్కూర్చుని మరలు విప్పుతున్నాడు. అన్నని చూసి లేవలేదు. ఇంకా కిందికి వంగాడు.

“ఒకే బిల్లు రెండుసార్లు కట్టించుకునే తెలివి నీకెవరు నేర్పారమ్మా?” అన్నాడు బావగారు, నోటీసు ఆమె బల్ల మీద పడేసి.

“ఒక్కసారి కూడా కట్టలేదుగా బావగారూ.”

బావగారు తమ్ముడి వీపు వంక చూశాడు. ఆ వీపు కదల్లేదు. ఆయన చంకలోంచి ఒక పొడవాటి పుస్తకం తీసి, వేలు తడిచేసుకుని, పేజీలు తిప్పి ఆమె ముందు పెట్టాడు. “నేను సంతకం లేకుండా తోడబుట్టినవాడికైనా పైసా ఇవ్వను. చదువుకో.”

లాండ్రీ రిపేరు బాకీ లక్షా ఎనభై ఆరు వేలు మొత్తం ముట్టింది. కింద భర్త సంతకం. కస్టమర్ల దగ్గర సంతకం అడగడానికి మొహమాటపడే మనిషిది. తారీఖు రెండేళ్ళ ఒక నెల కిందటిది. ఆమె మూడుసార్లు చదివింది. చదివేకొద్దీ అది అదే మాట చెప్పింది.

“మరి నేను నెలనెలా వచ్చి…” అంది ఆమె.

“చెప్పొద్దని వాడే అన్నాడు. అన్నదమ్ముల మధ్య మాట. నువ్వొచ్చి స్టూలు మీద కూర్చుంటే మా ఆవిడకీ కాస్త కాలక్షేపం. పాపం, ఒకసారి నీకు చెప్పేద్దామా అని కూడా అంది.”

“ఏం, బయటివాళ్ళకి పెట్టాడా అమ్మాయ్?” అంటూ అందుకుంది అత్తగారు. “చెల్లెలి ఇంటి మీద మేడకి సర్దాడు. అన్న ఇచ్చాడు, తమ్ముడు పుచ్చుకున్నాడు, ఆడపిల్ల ఇల్లు నిలబడింది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?”

“అది ఆయన డబ్బు కాదత్తయ్యా. నేను ఉద్యోగం చేసి దాచుకున్నది.”

“ఇంట్లోకొచ్చాక నీదీ వాడిదీ ఏంటి?”

ఆ మేడ ఆమె చూసింది. కట్టాక ఆడపడుచు అందరినీ భోజనానికి పిలిచింది. ఆమె పొద్దున్నే వెళ్ళి, కింది నుంచి పైకి ఇరవై కుర్చీలు మోసింది. కిటికీలోంచి గాలి బాగా వస్తోందని మెచ్చుకుంది. ఆమె మెచ్చుకుంటుంటే వెనక వీళ్ళంతా నిలబడే ఉన్నారు. అందరికీ తెలుసు. తిలా పాపం తలా పిడికెడు పంచుకున్నారు, ఆమెకి మాత్రం కుర్చీలు మిగిల్చారు. ఇరవై ఐదు నెలలు. ఇరవై ఐదుసార్లు ఆ స్టూలు మీద కూర్చోవడం. వచ్చిన ప్రతిసారీ “ఏమన్నాడు?” అని అడిగిన మనిషి, ఏమంటాడో ముందే తెలిసి అడిగాడు. జ్వరంతో వెళ్ళిన రోజున గొడుగు తీసి చేతికిచ్చింది కూడా అతనే.

భర్త అప్పుడు లేచాడు. మర తిప్పేది చేతిలోనే ఉంది. “నీతో చెప్తే గొడవ చేస్తావని చెప్పలేదు. నీ నోటికి ఎవరు భయపడరు? వెళ్ళొద్దంటే నీకు అనుమానం వస్తుంది, అందుకని వెళ్ళమన్నాను. అయినా ఇప్పుడేం మునిగిపోయింది? డబ్బు మనవాళ్ళ దగ్గరే ఉంది కదా.”

పక్కనున్న ముసలి మెకానిక్ పని ఆపేశాడు. అందరూ ఆమె అరుపు కోసం ఎదురుచూస్తున్నారని ఆమెకి అర్థమైంది. బావగారు నవ్వుకి పెదాలు సిద్ధం చేసుకుని మరీ నిలబడ్డాడు. ఆమె అరిస్తే ఆ అరుపే కథ అవుతుంది. ఎవరు దాచారు, ఎవరు తిన్నారు అన్నది వెనక్కి పోయి, చూశారా దాని నోరు అన్నది ముందుకొస్తుంది. ఇన్నేళ్ళూ వాళ్ళు బతికింది ఆ అరుపు చాటునే. ఆమె ఆ పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసింది.

“బావగారూ, ఈ పేజీ జిరాక్సు తీసుకుంటాను,” అంది.

“తీసుకో, తీసుకో. నీకూ నమ్మకం కుదరాలిగా,” అన్నాడు బావగారు, దర్జాగా పుస్తకం ఇచ్చేస్తూ. ఆమె పక్క షాపులో రెండు కాపీలు తీయించింది. ఒక కాపీ మీద, అసలుకి నకలు అని రాయించి ఆయన చేతే సంతకం పెట్టించుకుంది. తర్వాత షాపు కాగితం మీద, మీ బాకీ తీరింది, నోటీసు వెనక్కి తీసుకుంటున్నాను అని రాసి, తన సంతకం చేసి, ముద్ర కొట్టి ఇచ్చింది. బావగారు దాన్ని వెలుగులో పెట్టి చదువుకున్నాడు. భర్త ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. “చూశావా అన్నయ్యా, చెప్తే అర్థం చేసుకుంటుంది. మంచిదే పాపం,” అన్నాడు. “ఇన్నాళ్ళకి నోరు మంచిదైంది. టీ పెట్టమ్మాయ్,” అంది అత్తగారు.

“పాలు లేవు,” అంది ఆమె. ఫ్రిజ్‌లో రెండు పాకెట్లున్నాయి.

వాళ్ళు వెళ్ళాక బయటికొచ్చి వకీలమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ అంతా విని చెప్పింది. “రసీదు ఉంది కాబట్టి మీ బావగారి మీద ఇంక కేసు లేదమ్మా. కానీ షాపు బాకీ షాపు తరఫున పుచ్చుకున్న మనిషి ఆ డబ్బు యజమానికి అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే అడిగే దారీ అదే. నోటీసు, గడువు, ఆ తర్వాత కోర్టు. ఇల్లూ సంసారమూ ఉన్న విషయం. తొందరపడకుండా ఆలోచించుకోండి.”

“ఆలోచించుకున్నానండీ. ఇరవై ఐదు నెలలు వేడిగాలిలో కూర్చుని ఆలోచించుకున్నాను. దేని గురించో అప్పుడు తెలియలేదు, అంతే.”

మర్నాడు వంట చేయలేదు. స్నానం చేసి, ఇంట్లోనే బల్ల ముందు కూర్చుని, నమూనా చూడకుండానే రాసింది. షాపుకి రావలసిన బాకీ మీరు ఫలానా తారీఖున షాపు తరఫున వసూలు చేసినట్టు మీ సంతకంతో ఉన్న రసీదు నకలు దీనితో జతచేశాను. ఆ మొత్తం యజమానికి ఇంతవరకూ అప్పజెప్పలేదు. ఈ కాగితం అందిన పదిహేను రోజుల్లోగా అప్పజెప్పండి. లేనిపక్షంలో చట్టప్రకారం కోర్టుకి వెళతాను. మర్యాద ఎక్కడా తగ్గనివ్వలేదు. ఈసారి యజమాని అని రాసేటప్పుడు చెయ్యి ఆగలేదు. కవరు అంటించి సంచిలో పెట్టుకుంటుంటే భర్త గదిలోంచి, “టిఫినేదీ? ఎక్కడికి పొద్దున్నే?” అన్నాడు. “వసూలుకి,” అంది. “మంచిది, ఆ మాస్టార్ని కూడా గట్టిగా అడిగిరా,” అన్నాడు అతను.

పోస్టాఫీసులో గుమాస్తా కవరు తూచి, స్టాంపు వేయబోయి ఆగాడు. ముందు తిప్పి చదివాడు, వెనక తిప్పి చదివాడు. కిటికీలోంచి కవరు ఆమెకి తిరిగి ఇవ్వబోయాడు.

“పొరపాటు రాశారమ్మా. పంపేవారిదీ, అందుకునేవారిదీ ఒకే అడ్రసు ఉంది.”

“పొరపాటు కాదండీ,” అంది ఆమె. “ఆయన చేతికే ఇచ్చి, ఆయన సంతకమే తీసుకోమనండి.”